45 రోజుల గడువు గారికి, పీణ్య నుంచి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 45 రోజుల గడువు గారి దివ్యసముఖానికి,

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో లోహాన్ని చెక్కే రెండు సీఎన్‌సీ లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, ఆరుగురు పనివాళ్లతో చిన్న షెడ్డు నడుపుకుంటున్న ఒక సూక్ష్మ సంస్థ యజమాని నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. తమరు క్షేమంగానే ఉంటారని నమ్మకం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టంతో పాటు అదే ఏడాది అక్టోబరు 2న, మాలాంటి చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవారు 45 రోజుల్లోగా డబ్బు కట్టి తీరాలన్న గడువుగా తమరు అమల్లోకి వచ్చారు. యంత్రమైనా పనిముట్టయినా వాడితేనే అరుగుతుంది గనుక, ఇన్నేళ్లలో తమరికి చిన్న గీత కూడా పడి ఉండదు.

నిన్న అక్టోబరు 10, శుక్రవారం. మా షెడ్డు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్న చుట్టి ఉంది. ఆగస్టు 26న ఒక పంపుల కంపెనీకి మేము 4,000 ఇత్తడి బుష్‌లు, అంటే పంపులో తిరిగే ఇరుసుకు తొడిగే చిన్న గొట్టాలు, పంపాము. ఒక్కొక్కటి 86 రూపాయల చొప్పున 3,44,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 61,920. వెరసి 4,05,920 రూపాయలు. తమరు నిండేది నిన్నటితో. అందుకని భోజనం త్వరగా ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తమరి పేరు చెప్పుకుని డబ్బు తెచ్చుకుందామని బయలుదేరాను. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా నాకు అంత ఆశ లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాలి, ఏమి పని అన్న గళ్లు ఉన్నాయి. పని అన్న గడిలో నేను పేమెంట్ అని రాశాను. నాకు పైన సంతకాలు చేసిన పదకొండు మందిలో ఎనిమిది మంది అదే మాట రాసి ఉన్నారు. మిగిలిన ముగ్గురు ఆ మాట కింద డిట్టో గుర్తులు పెట్టి ఊరుకున్నారు. తరువాత నా ఫోన్ కెమెరా మీద ఎర్ర స్టిక్కరు అతికించారు. లోపల ఏ రహస్యాలు దాచారో నాకు తెలియదు గానీ, వాళ్ల పంపులో బిగించే బుష్‌ డ్రాయింగు మాత్రం ఆ ఫోన్‌లోనే ఉంది.

రిసెప్షనులో స్టీలు బెంచీ మీద రెండు గంటల పది నిమిషాలకు కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద, సరఫరాదారులే మా నిజమైన భాగస్వాములు అని కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ ఇత్తడి అక్షరాలు పొదిగారు. (ఇత్తడి నాణ్యత బాగానే ఉంది. అది చేసినవాడికి డబ్బు ముట్టిందో లేదో.) నా పక్కన కూర్చున్న అట్టపెట్టెల తయారీదారు టిఫిను డబ్బా వెంట తెచ్చుకున్నాడు. అనుభవజ్ఞుడు. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు అకౌంట్స్ విభాగం నుంచి ఒక అబ్బాయి బయటికి వచ్చాడు. కదిరి వైపు పిల్లవాడు, నాది హిందూపురం అని తెలిసిన దగ్గరి నుంచి అన్నా అని పిలుస్తాడు. మంచివాడే.

"అన్నా, మీ బిల్లుకు జీఆర్‌ఎన్ ఇంకా పడలేదు కదన్నా. అది పడిన నాటి నుంచి నలభై అయిదు దినాలు. పడనిదే నేనేం చేసేది, చెప్పు."

తమరు చట్టంలో నివాసముంటారు గనుక జీఆర్‌ఎన్ అన్నది తమరికి తెలియకపోవచ్చు. సరుకు తమకు అందినట్టు కొనుగోలుదారు తన కంప్యూటరులో తానే వేసుకునే చీటీ అది. ఆ చీటీ పడితే తప్ప తమరి మొదటి రోజు మొదలు కాదని ఆర్డరు కాగితం అడుగున చీమతలంత అక్షరాలతో ఉంటుంది. అంటే ఆగస్టు 26 నుంచి నేను క్యాలెండరులో గళ్లు కొట్టుకుంటూ వచ్చిన 45 రోజులూ నా సొంత రోజులే గానీ తమరివి కావు. తమరు ఇంకా పుట్టనే లేదు.

ఆ మాట విని నేను అద్దాల గోడలోంచి బయటికి చూశాను. ఆవరణలో ఒక లారీ నిలబడి ఉంది. ఫోర్కులిఫ్టు చెక్క పెట్టెలను ఒక్కొక్కటిగా పైకెత్తి పెడుతోంది. ఆ పంపు నమూనా నేను గుర్తుపట్టగలను. దానికి వెనకవైపు వాడే బుష్‌ నగరంలో మా షెడ్డు తప్ప ఇంకెవరూ చేయడం లేదు. మా బుష్‌ లేనిదే అది తిరగదన్నది నా డంబం కాదు, వాళ్ల డ్రాయింగులో ఉన్న సంగతి.

"తమ్ముడూ, మరి ఆ లారీలో పొయ్యే పంపుల్లో ఉండేవి ఎవరి బుష్‌లు?"

ఆ అబ్బాయి లారీని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ లారీని చూశాడు.

"వచ్చేదైతే వచ్చినాయన్నా. సిస్టంలో రాలేదు."

గడువు గారూ, ఈ ఒక్క వాక్యం రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. సరుకు వచ్చింది, బిగించారు, పంపు తిరిగింది, పరీక్షలో నెగ్గింది, పెట్టెకెక్కింది, లారీకెక్కింది, నా కళ్ల ముందే గేటు కూడా దాటింది. కానీ ఇంకా అందలేదు. అద్వైతం చదువుకున్నవాళ్లు కూడా ఇంత సూక్ష్మంగా ఆలోచించి ఉండరు. అందని సరుకు తాలూకు పన్ను క్రెడిట్ (మా బిల్లులోని జీఎస్టీని వాళ్లు కట్టే పన్నులోంచి తగ్గించుకునే వీలు) మాత్రం అందిందా అని అడగాలనిపించి మానుకున్నాను, ఎందుకంటే సరుకు చేతికి అందితేనే ఆ క్రెడిట్ వాడుకోవాలని జీఎస్టీ చట్టం చెబుతుంది, ఆ అబ్బాయి జవాబు చెప్పలేక ఇబ్బంది పడతాడు.

ఇదే కంపెనీ కంప్యూటరు ఎంత చురుకైనదో నాకు తెలుసు. ఈ బుష్‌ లోపలి వ్యాసంలో మాకు ఇచ్చిన వెసులుబాటు 20 మైక్రాన్లు. వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. నిరుడు ఒక విడతలో టూలు కొస అరిగి కొన్ని బుష్‌లు ఆ హద్దును 5 మైక్రాన్లు దాటాయి. తప్పు మాదే. తనిఖీ బల్ల మీద, జారకూడని గేజ్ లోపలికి జారిన ముప్పావు గంటకు, బిల్లులో కోత వేస్తూ నా ఫోనుకు డెబిట్ నోట్ వచ్చింది. ఆ రోజు సరుకు అందింది, సిస్టంలోనూ అందింది, లోపమూ అందింది, కోతా అందింది. 5 మైక్రాన్ల తేడాను పట్టగలిగిన కళ్లకు 4,000 బుష్‌ల మూటలు ఆరున్నర వారాలుగా ఆనడం లేదు. మమ్మల్ని సూక్ష్మ సంస్థలని ప్రభుత్వం పిలిస్తే, కంటికి కనిపించవని వారు అర్థం చేసుకున్నారేమో.

తమరి చట్టం రాసినవాళ్లు ఈ యుక్తిని ముందే పసిగట్టారని ఒప్పుకోవాలి. సరుకు చేరిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే దాన్ని అంగీకరించినట్టు లెక్క. ఒప్పందంలో ఏమి రాసుకున్నా తమరిని దాటడానికి వీల్లేదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా కూడే చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6.75 శాతం ఉన్న రోజుల్లో అది ఏడాదికి 20.25 శాతం, మా హిందూపురంలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లకు దాదాపు సాటి. ఈ సెక్షన్లన్నీ నాకు సుప్రభాతంలా నోటికి వచ్చు. వాటి ప్రతి ఒకటి నిన్న నా సంచిలోనే ఉంది.

తీయలేదు. ఆ అద్దం తలుపు అవతల, అకౌంట్స్ బల్లకు రెండు బల్లల దూరంలో కొనుగోళ్ల విభాగం ఉంది. అక్కడ 6,000 బుష్‌ల తరువాతి ఆర్డరు సంతకం కోసం ఎదురుచూస్తోంది. సంచిలోని కాగితం ఈ బల్ల మీద పెడితే ఆ బల్ల మీది కాగితం ఏమవుతుందో చట్టంలో రాయలేదు. నేను సంచి మూసుకుని, "సరే తమ్ముడూ, ఈ సారి కొంచెం చూడు" అని లేచాను. ఇన్నేళ్లుగా ఆ చక్రవడ్డీలో ఒక్క రూపాయి కూడా నా కంట పడకపోవడానికి కారణం ఇంతే. ఇందులో వారి తప్పు ఎంతో, నా పిరికితనం ఎంతో విడదీసే గేజ్ నా దగ్గర లేదు.

ఫిర్యాదుకు దారులు లేవని ఎవరూ అనలేరు. 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ పెట్టారు. ఇంట్లో కూర్చుని కొనుగోలుదారు పేరు, బిల్లు నంబరు కొట్టవచ్చు. ఫిర్యాదు పరిష్కార మండలికి వెళుతుంది. మండలి 90 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతుంది. తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కంపెనీ ముందుగా అందులో 75 శాతం కట్టాలి. అన్నీ పకడ్బందీగా ఉన్నాయి. పిల్లి మెడలో గంట కట్టాలన్నారు, బాగుంది. గంట ఖర్చు కూడా ప్రభుత్వమే పెట్టుకుంది, ఇంకా బాగుంది. కట్టే ఉద్యోగం మాత్రం ఎలుకకే ఇచ్చారు. నా అమ్మకాల్లో సగం కొనేవాడి మీద నేను ఫిర్యాదు చేసి, గెలిచి, డబ్బు వసూలు చేసుకుని, ఆ మర్నాటి నుంచి ఎవరికి బుష్‌లు చేయాలి?

తమరికి పళ్లు కట్టించాలని ఈ మధ్య ఢిల్లీ వాళ్లు ఇంకో ప్రయత్నం చేశారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు తమరి లోపల డబ్బు కట్టకపోతే, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆ ఖర్చును ఆదాయంలోంచి మినహాయించుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అన్న నిబంధన తెచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి, అంటే 2023-24 ఏడాది లెక్కలకే వర్తించేలా, అమలు చేశారు. ఆ ఏడాది మార్చి నెలలో మా వీధిలో విచిత్రాలు చూశాం. మీరు సూక్ష్మమా, చిన్నా, మధ్యతరహానా అని కొనుగోలుదారుల నుంచి మాకు లేఖలు వచ్చాయి. మధ్యతరహా వాళ్లకూ, వట్టి వ్యాపారులకూ తమరి రక్షణ వర్తించదు గనుక, సూక్ష్మ సంస్థగా రిజిస్ట్రేషన్ అంత అవసరమా అని మా పక్క షెడ్డాయనకు ఒక కొనుగోలుదారు ఫోనులో సలహా ఇచ్చారు. ఇంకొక కొనుగోలుదారు మార్చి 28న ఆయన సరుకు వెనక్కి పంపించి, అదే సరుకును ఏప్రిల్ మొదటి వారంలో కొత్త బిల్లుతో రప్పించుకున్నారు. టెంపో బాడుగ రెండు సార్లూ ఆ షెడ్డాయనదే. తమరికి కట్టించిన పళ్లు మమ్మల్నే కరిచాయి.

ట్రెడ్స్ అని ఇంకొక వేదిక ఉంది. మా బిల్లును అక్కడ పెడితే బ్యాంకులు పోటీ పడి తగ్గింపు మీద ముందే డబ్బు ఇస్తాయి, 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలన్నీ అందులో చేరాలని ఉత్తర్వు కూడా ఉంది. చేరారు. కానీ బిల్లు నిజమేనని కొనుగోలుదారు ఆమోదించాలి. ఎప్పుడు ఆమోదిస్తారని అడిగాను. జీఆర్‌ఎన్ పడ్డాక.

ఇంతకూ నేను అడగదలచినది వేరు. దేశ ఆర్థిక వ్యవస్థలో మా పాత్ర ఏమిటి అన్న విషయం మీద నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. ఏటా జూన్ 27న ఐక్యరాజ్యసమితి మా పేరు మీద ఒక దినోత్సవం జరుపుతుంది. ఆ రోజు నాకు డబ్బు బాకీ ఉన్నవాళ్లందరి నుంచీ రంగు రంగుల శుభాకాంక్షలు వస్తాయి. చాలా కాలం మమ్మల్ని దేశానికి వెన్నెముక అన్నారు. 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో మేము ఇంజిన్ అయ్యాము, వ్యవసాయం తరువాత రెండోది. కోటికి పైగా నమోదైన సంస్థలు, ఏడున్నర కోట్ల మందికి పని, దేశపు తయారీలో 36 శాతం, ఎగుమతుల్లో 45 శాతం అని అందులో చెప్పారు. అబద్ధం ఒక్కటీ లేదు. 2015-16 జాతీయ నమూనా సర్వేలో నమోదు కానివాళ్లను కూడా కలిపి లెక్కిస్తే 6.33 కోట్ల సంస్థలు, 11 కోట్ల మంది పనివాళ్లు తేలారు. ఆ సంస్థల్లో 99 శాతం నాలాంటి సూక్ష్మాలే. ఈ పీణ్యలో ఏ సందులోకి వెళ్లి చెవి ఒగ్గినా ఆ 99 శాతం గరగరమని తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది.

కానీ ఈ లెక్కల్లో ఎక్కడా రాయని మా అసలు పాత్ర ఇది: మేము బ్యాంకులం. ఇత్తడి కడ్డీల వ్యాపారి డబ్బు చేతిలో పడనిదే కాటా మీద పెట్టడు. కరెంటు బిల్లు ఆగదు. ఆగస్టు బిల్లు తాలూకు 61,920 రూపాయల పన్నును నేను సెప్టెంబరు 20న ప్రభుత్వానికి కట్టాను, నాకు రాని డబ్బులోంచి. అందుకోసం నా క్యాష్ క్రెడిట్ ఖాతాలోంచి వడ్డీకి తీసి, వందల కోట్ల వ్యాపారం చేసే కంపెనీకి వడ్డీ లేకుండా అప్పు పెట్టాను. వాళ్లు అదే డబ్బు అసలు బ్యాంకును అడిగితే వడ్డీ అడుగుతుంది, కాగితాలు అడుగుతుంది, గడువు చెబుతుంది. నన్ను అడగనే అక్కర్లేదు. చిన్నవాడి దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకుని పెద్దవాడు పెద్దవాడవుతాడు. దీనికి రిజర్వు బ్యాంకు లైసెన్సు కూడా అక్కర్లేదు.

నిజం బ్యాంకు వారికి మాత్రం తమరి దాయాది 90 రోజుల గారంటే ఎనలేని గౌరవం. నా బిల్లు 90 రోజులు దాటితే దాన్ని లెక్కలోంచి తీసేసి నా అప్పు పరిమితి తగ్గిస్తారు. నేను వారికి 90 రోజులు కట్టకపోతే మొండి బాకీ కింద రాసేస్తారు. తమరి ఇంకో దాయాది, జీఎస్టీలోని 180 రోజుల గారు, ఆయనా గట్టివారే: ఆ లోపల సరఫరాదారుకు డబ్బు ఇవ్వకపోతే వాడుకున్న పన్ను క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. మా పాత బిల్లులు 170వ రోజు దాటాక ఎవరో నిద్రలేపినట్టు హఠాత్తుగా కదలడం నేను రెండు సార్లు చూశాను. వంశంలో అందరి మాటా చెల్లుతోంది, తమరిది తప్ప.

ఇంకా మర్యాద నా వల్ల కాదు. ఏమయ్యా గడువూ, నీకు సిగ్గు లేదా? ఆయుధపూజ నాడు రెండు లేతులకూ పసుపు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, ఆరుగురు పిల్లలకూ మిఠాయి పెట్టెతో పాటు బోనసు కవరు చేతిలో పెట్టాలి. ఈ ఊళ్లో అది తప్పించుకునే పండుగ కాదు. ఆ కవర్లలో పెట్టింది మా ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ఆమె ఏమీ అనలేదు, చేతికి సబ్బు రాసుకుని గాజులు లాగి ఇచ్చింది, అంతే. 7వ తారీఖున జీతాలు. ఒరే నాయనా, నీ జీతం నాకు ఫిజికల్‌గా గుర్తుంది గానీ సిస్టంలో లేదని ఆ పిల్లలకు నేను చెప్పగలనా? మా దగ్గర గోల్డ్ లోను వాడికి గడువు ఉంది, కరెంటు వాడికి ఉంది, పన్ను వాడికి ఉంది, అందరి గడువులూ నా మెడ మీదే కత్తులయ్యాయి. నా చేతికి ఇచ్చిన ఒకే ఒక గడువువి నువ్వు, నీది అట్టకత్తి.

క్షమించాలి. తమరిని అని లాభం లేదు. తమరు కాగితం మీద ఎంత న్యాయంగా ఉంటారో, నిన్న సాయంత్రం మా షెడ్డులో నాకు మరోసారి గుర్తుకు వచ్చింది.

ఐదున్నరకు తిరిగి వచ్చేసరికి ప్లేటింగ్ ఆయన నా కోసం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నాలుగు వీధుల అవతల మూడు తొట్లు పెట్టుకుని, ఒక తమ్ముడి సాయంతో స్టీలు పిన్నులకు జింకు పూత వేస్తాడు, నాకంటే సూక్ష్మం. ఆయనకు నేను 38,000 రూపాయలు ఇవ్వాలి. తమరి లెక్కన నాకు నిన్నటికి 45 రోజులైతే, నా దగ్గర ఆయనకు 61 రోజులు. ఆయన చేతులు యాసిడ్ పొగకు ఎప్పుడూ పాలిపోయి ఉంటాయి; ఆ చేతుల్లో మా కుర్రవాడు ఇచ్చిన టీ గ్లాసు ఖాళీ అయి చాలా సేపైనట్టుంది. డబ్బు మాట ఎత్తకుండా, పోయిన పని ఏమైంది సార్ అని మాత్రం అడిగాడు.

నా నోటికి ఏమి దయ్యం పట్టిందో, "మీ బిల్లుకు జీఆర్‌ఎన్ ఇంకా పడలేదయ్యా" అన్నాను.

మా షెడ్డులో జీఆర్‌ఎన్ అన్నది లేదు. లెక్కలకు కంప్యూటరు కూడా లేదు. ఉన్నది ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు, అది ఆయన పక్కనే బల్ల మీద, ఆయన సరుకు అందిన తేదీల దగ్గరే తెరిచి ఉంది. ఆయన దాని వైపు చూసి, నా వైపు చూసి, పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వడం అయిపోయాక ఖాళీ గ్లాసు కింద పెట్టాడు గానీ, స్టూలు మీద నుంచి మాత్రం లేవలేదు.

ఇట్లు,
తమరి సేవలో,
నమోదైన ఒక సూక్ష్మ సంస్థ యజమాని,
పీణ్య రెండో స్టేజి, బెంగళూరు